ఊత గట్టిదైతే గురి కుదురుతుందా?

జాతరలోనో, తిరునాళ్ళలోనో బెలూన్లు కొట్టే దుకాణాన్ని మీరు చూసే ఉంటారు. చెక్క పలకకు రంగురంగుల బెలూన్లు వరసగా కట్టి ఉంటాయి. ఇవతల ఒక బల్ల, దాని మీద ఒక గాలి తుపాకి. డబ్బులిచ్చినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి కాలుస్తుంటారు. ఈసారి బెలూన్లను కాకుండా కాల్చేవాళ్ళను గమనించండి.

కొందరు ఏ ఆసరా లేకుండా నిలబడి కాలుస్తారు. తుపాకి మొన అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది. కొందరు ముందుకు వంగి మోచేతులు బల్ల మీద ఆనిస్తారు. మొన ఊగడం చాలావరకు తగ్గుతుంది. ఇంకొకరు వస్తారు. "చేతులతో పనేముంది? బల్ల ఉందిగా!" అని తుపాకి గొట్టాన్నే బల్ల అంచుకు గట్టిగా అదిమిపెట్టి కాలుస్తారు. ఇప్పుడు మొన రవ్వంత కూడా కదలదు. గురి అందరికంటె ఈయనకే బాగా కుదరాలి కదా! అయినా గుండు బెలూను పైనుంచి వెళ్ళిపోతుంది. "గొట్టం వంకర" అని ఆయన గొణుక్కుంటూ వెళ్ళిపోతాడు.

గొట్టం నిజంగా వంకర కావచ్చు. కాని నిటారుగా ఉన్న మంచి తుపాకి కూడా గట్టి ఊత మీద పెడితే ఇలాగే గురి తప్పుతుంది. కదలని ఊత మీద పెట్టిన తుపాకి ఎందుకు తప్పుతుంది? అసలు మంచి ఊత అంటే ఏది? మీ భౌతిక శాస్త్ర పాఠాలలోని గరిమనాభి, సమతాస్థితి, న్యూటన్ మూడవ నియమం ఈ ప్రశ్నకు జవాబు చెబుతాయి.

వెంట్రుకలతో కొలిచే ఆట

ముందుగా, తుపాకి ఎంత కదిలితే ఎంత నష్టమో లెక్క వేద్దాం.

గాలి తుపాకితో కాల్చే పోటీ 1984లో లాస్ ఏంజెలెస్‌లో జరిగిన ఒలింపిక్ క్రీడలలో మొదటిసారిగా చేరింది. అక్కడ లక్ష్యం 10 మీటర్ల దూరంలో ఉంటుంది. గుండు వ్యాసం 4.5 మిల్లీమీటర్లు. లక్ష్యం నడుమ 10 మార్కుల చుక్క వ్యాసం ఎంతో తెలుసా? అర మిల్లీమీటరు! కాగితం మీద కలంతో పెట్టిన చుక్క అంత. గుండు అంచు ఆ చుక్కను తాకితే చాలు, 10 వచ్చినట్లే. అంటే గుండు మధ్యభాగం చుక్క మధ్యభాగానికి రెండున్నర మిల్లీమీటర్ల లోపల పడాలి.

తుపాకి మడమ మీ భుజానికి ఆని ఉంది. మొన దానికి సుమారు ఒక మీటరు దూరంలో ఉంది. మొన నుంచి లక్ష్యం ఇంకో 10 మీటర్లు. భుజాన్ని శీర్షంగా తీసుకుని రెండు సరూప త్రిభుజాలు గీయండి. చిన్న త్రిభుజం పొడవు 1 మీటరు, పెద్ద త్రిభుజం పొడవు 11 మీటర్లు. కనుక మొన ఒక మిల్లీమీటరు పక్కకు జరిగితే, లక్ష్యం వద్ద గురి 11 మిల్లీమీటర్లు జరుగుతుంది.

ఇప్పుడు లెక్కను తిరగవేయండి. లక్ష్యం వద్ద 2.5 మిల్లీమీటర్లకు మించి తప్పకూడదంటే, మొన 2.5ను 11తో భాగించినంత మాత్రమే కదలవచ్చు. అది సుమారు 0.23 మిల్లీమీటరు. రెండు మూడు తల వెంట్రుకలను పక్కపక్కన పేర్చితే అంత వెడల్పు వస్తుంది. మీ గుండె కొట్టుకోవడం వల్ల, మీరు ఊపిరి తీయడం వల్ల కలిగే కదలిక అంతకంటె ఎక్కువే. అందుకే కొత్తగా నేర్చుకునేవారికి శిక్షకులు మొదట ఏదో ఒక ఊత ఇస్తారు. చేతులు బరువు మోయనక్కర లేనప్పుడు కన్ను గురి మీద, వేలు మీట మీద నిలుస్తాయి.

ముక్కాలి పీట చెప్పే రహస్యం

మీ తరగతిలో ఊగే బల్ల ఒకటైనా ఉండి ఉంటుంది. ఒక కాలి కింద మడత పెట్టిన కాగితం పెట్టి దాన్ని కుదురు చేసి ఉంటారు. దానికి నాలుగు కాళ్ళు. ఇంట్లో ముక్కాలి పీట ఉంటే దాన్ని ఎగుడుదిగుడు నేల మీద పెట్టి చూడండి. కాస్త వాలుతుందేమోకాని ఊగదు. ఎందుకు?

ఒకే సరళరేఖ మీద లేని మూడు బిందువుల గుండా ఒకే ఒక తలం పోతుంది. రేఖాగణితంలో మీరు చదివినదే. పీట మూడు కాళ్ళ కొనలు ఎక్కడ ఆనితే అక్కడ ఒక తలం ఏర్పడుతుంది. కనుక మూడు కాళ్ళూ ఎప్పుడూ నేలను తాకుతాయి. నాలుగో కాలు వచ్చేసరికి అది కూడా సరిగ్గా అదే తలంలో ఉండాలి. నేల సమంగా లేకపోతే అది గాలిలో తేలుతుంది. అందుకే బల్ల ఊగుతుంది. ఫొటోగ్రాఫరు కెమెరా స్టాండుకూ, పొలం కొలిచే సర్వేయరు పరికరానికీ మూడే కాళ్ళు ఉండడానికి కారణం ఇదే.

అయితే మూడు కాళ్ళు ఉన్నంత మాత్రాన సరిపోదు. తుపాకి, స్టాండు కలిసిన మొత్తం బరువుకు ఒక గరిమనాభి ఉంటుంది. అక్కడి నుంచి కిందికి గీసిన నిలువు గీత మూడు కాళ్ళ నడుమ ఏర్పడిన త్రిభుజంలో పడాలి. గీత త్రిభుజం అంచుకు దగ్గరైన కొద్దీ స్టాండు పడిపోవడానికి సిద్ధంగా ఉంటుంది. కనుక కాళ్ళు ఎడంగా ఉండాలి, ఎత్తు తక్కువగా ఉండాలి. నిలబడి కాల్చడానికి చాచిన స్టాండు కంటె, కూర్చుని కాల్చడానికి కుదించిన స్టాండు ఎప్పుడూ కుదురైనది.

మరి కాళ్ళను ఇంకా ఇంకా ఎడం చేసుకుంటూ పోతే? నున్నని గచ్చు మీద కాళ్ళు బయటికి జారిపోతాయి. ఎడం పెరిగిన కొద్దీ కాలు నేలను పక్కకు నెట్టే బలం పెరుగుతుంది. దాన్ని ఆపేది ఘర్షణ ఒక్కటే. అందుకని కాళ్ళ కొనలకు రబ్బరు తొడుగులు వేస్తారు, లేదా మూడు కాళ్ళనూ ఒక తాడుతో కలిపి కడతారు. స్టాండు నడుమ నుంచి కిందికి ఒక బరువైన సంచి వేలాడదీస్తే ఇంకా మంచిది. గరిమనాభి కిందికి దిగుతుంది, జడత్వం కూడా పెరుగుతుంది. సంచి మాత్రం గాలికి ఊగకుండా చూసుకోవాలి. ఊగితే లాభానికి బదులు నష్టమే.

మూడు దాకా లెక్కపెట్టండి

అంగడిలో ఒంటికాలి ఊతలు, రెండుకాళ్ళ ఊతలు కూడా దొరుకుతాయి. మూడు కాళ్ళే మేలైతే అవి ఎందుకు?

గొర్రెల కాపరిని ఎప్పుడైనా చూడండి. కర్ర నేలకు ఆనించి, దాని మీద చేతులు పెట్టి గంటల తరబడి నిలబడగలడు. ఆయన కాళ్ళు రెండు, కర్ర ఒకటి, మొత్తం మూడు. తనే ఒక ముక్కాలి పీటగా మారాడన్నమాట! కొన్ని శతాబ్దాల కిందట ఐరోపాలో సిపాయిలు కూడా ఇదే పని చేశారు. అప్పటి మస్కెట్ తుపాకులు చాలా బరువుగా ఉండేవి. సిపాయి వెంట పైన పంగ ఉన్న ఒక కర్ర ఉండేది. కర్ర నేలకు గుచ్చి, పంగలో తుపాకి ఉంచి కాల్చేవాడు. 17వ శతాబ్దంలో తుపాకులు తేలికవుతూ రాగా ఆ పంగకర్ర అవసరం తీరిపోయింది.

ఒంటికాలి ఊత తుపాకి బరువు మోస్తుంది. మొన కిందికీ పైకీ ఊగడాన్ని తగ్గిస్తుంది. పక్కలకు ఊగడాన్ని అంతగా ఆపలేదు. ఆ పని మీ రెండు కాళ్ళు చేయాలి.

రెండుకాళ్ళ ఊతను తుపాకి ముందు భాగానికి బిగిస్తారు. అది తుపాకి పక్కకు ఒరగకుండా చూస్తుంది. కాని ముందుకూ వెనక్కూ పడకుండా అది ఒక్కటే ఆపలేదు. మూడో కాలు ఎక్కడ? మీ భుజమే! బోర్లా పడుకుని కాల్చేటప్పుడు భుజం నేలకు దగ్గరగా, నిలకడగా ఉంటుంది. అప్పుడు రెండుకాళ్ళ ఊత బాగా పనిచేస్తుంది. నిలబడి కాల్చేటప్పుడు దానివల్ల ప్రయోజనం ఉండదు.

కనుక ఏ ఊతను చూసినా మొదట మూడు దాకా లెక్కపెట్టండి. "దీనికి కాళ్ళెన్ని? మిగిలిన కాళ్ళు నా ఒంట్లో ఎక్కడున్నాయి? అవి కుదురుగా ఉన్నాయా?" ఈ మూడు ప్రశ్నలకు జవాబు దొరికితే సగం ఎంపిక పూర్తయినట్లే.

గుండు వెళ్ళేలోపల జరిగే కథ

ఇక మిగిలిన సగం. బల్లకు అదిమిన తుపాకి గురి ఎందుకు తప్పింది?

జాతరలో ఉండేది సాధారణంగా స్ప్రింగు తుపాకి. దాన్ని మధ్యకు వంచినప్పుడు లోపల ఒక బలమైన స్ప్రింగు నొక్కుకుపోతుంది. మీ చేతి శ్రమ అందులో స్థితిశక్తిగా దాగి ఉంటుంది. మీట నొక్కగానే స్ప్రింగు విచ్చుకుని ఒక పిస్టన్‌ను ముందుకు తోస్తుంది. పిస్టన్ తన ముందున్న గాలిని గట్టిగా నొక్కుతుంది. ఆ గాలి పీడనమే గుండును బయటికి తరుముతుంది. సైకిలు పంపును చటుక్కున నొక్కినట్లే.

ఇక్కడ న్యూటన్ మూడవ నియమం గుర్తు తెచ్చుకోండి. పిస్టన్ ముందుకు దూకితే తుపాకి వెనక్కు జరగాలి. గుండు బరువు సుమారు అర గ్రామే. కాని పిస్టన్, స్ప్రింగు దానికి కొన్ని వందల రెట్లు బరువు. కనుక స్ప్రింగు తుపాకిలో కుదుపు తెచ్చేది ముఖ్యంగా గుండు కాదు, పిస్టన్! కథ ఇంతటితో అయిపోలేదు. పిస్టన్ గొట్టం చివరకు చేరి, గాలి మెత్త మీద ఆగిపోతుంది. ఆగేటప్పుడు అది తుపాకిని ముందుకు తోస్తుంది. అంటే తుపాకి మొదట వెనక్కు, వెంటనే ముందుకు, రెండుసార్లు కుదుపుకు గురవుతుంది. ఇదంతా సెకనులో వందో వంతు ప్రాంతంలో జరిగిపోతుంది. అప్పటికి గుండు ఇంకా గొట్టంలోనే ప్రయాణం చేస్తూ ఉంటుంది.

అందువల్ల మీట నొక్కినప్పుడు గురి ఎక్కడుందనేది ఒక్కటే ముఖ్యం కాదు. గుండు మొన దాటే క్షణంలో మొన ఎక్కడుందనేది ముఖ్యం. ఈ రెండు క్షణాల నడుమ తుపాకి తప్పకుండా కదులుతుంది. దాన్ని మనం ఆపలేం. ప్రతిసారీ ఒకే విధంగా కదిలేటట్లు మాత్రం చూడగలం. ఒకే విధంగా కదిలితే గుండ్లన్నీ ఒకేచోట పడతాయి. ఆ చోటు లక్ష్యానికి కాస్త పక్కన ఉంటే, గురి చూసే సైటును సరిచేసుకుంటే సరిపోతుంది.

గట్టి ఊత ఈ పనిని చెడగొడుతుంది. ఒక గోళీని గచ్చు మీద వదలండి. టక్కున ఎగురుతుంది. గట్టి వస్తువులు తమ మీద పడిన దెబ్బను తిప్పికొడతాయి. కుదుపుకు గురైన తుపాకిని కూడా రాయి, ఇనుము, చెక్క బల్ల అలాగే తిప్పికొడతాయి. గుండు బయటపడేలోపలే మొన పైకి ఎగురుతుంది. ఎంత ఎగురుతుందో గొట్టం ఎక్కడ ఆనింది, ఎంత గట్టిగా అదిమారు అన్నదాని మీద ఆధారపడుతుంది. అది రెండుసార్లు ఒకేలా ఉండదు. కనుక గుండ్లు చెదిరిపోతాయి. అందుకే స్ప్రింగు తుపాకిని అనుభవమున్నవారు పిడికిలి బిగించి పట్టుకోరు. తెరిచిన అరచేతి మీద తేలికగా ఉంచి, అది తన ఇష్టం వచ్చినట్లు జరగనిస్తారు.

కొందరు ఇంజనీర్లు ఈ కుదుపును తుపాకిలోనే అణచడానికి ఉపాయాలు పన్నారు. ఒక రకంలో రెండు పిస్టన్లు ఒకేసారి ఎదురెదురు దిక్కులకు కదులుతాయి. ఒకదాని కుదుపు రెండోదానితో సరిపోతుంది. ఇంకో రకంలో గొట్టం, పిస్టన్ ఉన్న భాగమంతా చెక్క మీద పట్టాల వంటి దారిలో వెనక్కు జారుతుంది. కాల్చేవాడి భుజానికి కుదుపు తెలియదు.

నేటి పోటీ తుపాకులలో స్ప్రింగు లేదు. బాగా నొక్కి నింపిన గాలి సిలిండరు ఉంటుంది. మీట నొక్కగానే కొద్ది గాలి విడుదలై గుండును తోస్తుంది. బరువైన పిస్టన్ లేదు కనుక కుదుపు చాలా తక్కువ. ద్రవ్యవేగ నిత్యత్వ నియమంతో మీరే లెక్క కట్టవచ్చు. అర గ్రాము గుండు సెకనుకు సుమారు 170 మీటర్ల వేగంతో వెళితే, 5 కిలోగ్రాముల తుపాకి సెకనుకు 2 సెంటీమీటర్ల కంటె తక్కువ వేగంతో వెనక్కు జరుగుతుంది. గుండు వెంట వెళ్ళే గాలిని కలిపినా ఈ వేగం కొద్దిగానే పెరుగుతుంది. ఇలాంటి తుపాకి ఊత విషయంలో అంత పేచీ పెట్టదు. అయినా మెత్తని ఊత దానికీ మేలే.

ఇసుక సంచి గొప్పదనం

ఇప్పుడు అదే గోళీని ఇసుక కుప్ప మీద వదలండి. ఎగరదు, అక్కడే కూరుకుపోతుంది. దాని గతిశక్తి ఏమైంది? ఇసుక రేణువులు ఒకదానితో ఒకటి రాసుకున్నాయి. ఆ ఘర్షణలో శక్తి వేడిగా మారిపోయింది. ఇసుక దెబ్బను తిప్పికొట్టకుండా మింగేస్తుంది. పైగా దాని మీద ఏది పెడితే దాని ఆకారానికి తగినట్లు ఒదుగుతుంది. తుపాకి ఒకటి రెండు చోట్ల కాకుండా పొడవునా ఆనుతుంది. ఇంత చవకైన వస్తువు గురి పెట్టేవారికి ఇంత పనికి రావడం వింత కాదా?

సంచి తయారుచేయడం తేలిక. పాత ప్యాంటు కాలు ముక్క కత్తిరించి ఒక కొన కుట్టండి. జల్లించి ఎండబెట్టిన ఇసుక పోయండి. రెండో కొన కూడా కుట్టేయండి. ఇసుకను సంచిలో మూడు వంతులకు కాస్త తక్కువగా నింపాలి. కిక్కిరిసేలా నింపితే అది రాయిలా గట్టిపడుతుంది, మళ్ళీ పాత కథే. మరీ వదులుగా నింపితే తుపాకి బరువుకు క్రమంగా కుంగిపోతూ గురిని కిందికి లాగుతుంది. సంచి నడుమ అరచేతి అంచుతో ఒక గాడి చేసి, అందులో తుపాకిని ఉంచాలి.

తుపాకిని ఏ చోట ఆనించాలి? గొట్టాన్ని ఎప్పుడూ ఆనించకూడదు. గొట్టం అడుగున ఉండే చెక్క భాగాన్ని ఆనించాలి. తుపాకి గరిమనాభికి దగ్గరగా, ప్రతిసారీ అదే చోట ఆనించాలి. చెక్క మీద సుద్దముక్కతో ఒక గుర్తు పెట్టుకుంటే మరిచిపోరు. మడమ కింద ఇంకో చిన్న సంచి పెట్టుకుంటే, దాన్ని పిడికిటితో కొద్దిగా నొక్కి మొనను పైకీ కిందికీ జరపవచ్చు.

తుపాకి లేకుండానే చేసి చూడండి

ఈ సంగతులు పరీక్షించడానికి తుపాకి అక్కర లేదు. ఒక మీటరు పొడవున్న కర్ర చాలు. కర్ర కొనకు ఒక స్కెచ్ పెన్ను కట్టండి. గోడకు గ్రాఫు కాగితం అంటించండి. కర్రను తుపాకిలా భుజానికి ఆనించి, పెన్ను మొన కాగితాన్ని తాకీ తాకనట్లు పట్టుకోండి. నేస్తాన్ని ఇరవై సెకన్లు లెక్కపెట్టమనండి. పెన్ను కాగితం మీద ఒక గీతల గూడు గీస్తుంది. దాని వెడల్పు, ఎత్తు కొలవండి. కాగితాన్ని మార్చి, ఈ కింది విధంగా మళ్ళీ మళ్ళీ చేయండి.

1. ఏ ఊతా లేకుండా నిలబడి.
2. కూర్చుని, మోచేతులు బల్ల మీద ఆనించి.
3. ఒంటికాలి కర్రకు ఆనించి.
4. చెక్క దిమ్మె మీద ఉంచి.
5. ఇసుక సంచి మీద ఉంచి.

ప్రతి కొలతనూ 11తో గుణించండి. 10 మీటర్ల దూరంలో మీ గురి ఎంత తిరుగుతుందో తెలుస్తుంది. పెన్ను కాగితాన్ని తాకడం వల్ల కొంత ఘర్షణ కలుగుతుంది. అది కూడా చిన్న ఊతే. కనుక అసలు కదలిక మీరు కొలిచినదాని కంటె కాస్త ఎక్కువే ఉంటుందని గుర్తుంచుకోండి.

తరువాత చెక్క దిమ్మె మీద, ఇసుక సంచి మీద కర్ర ఉన్నప్పుడు, కర్ర మధ్యభాగాన్ని నేస్తం పెన్సిలుతో పైనుంచి టక్కున తట్టాలి. కాగితం మీద ఏ గీత పొడవుగా పడిందో చూడండి. కదలకుండా పట్టుకోవడం వేరు, కుదుపును మింగడం వేరు అని మీ కళ్ళతో మీరే చూస్తారు.

మరి ఎలా ఎంచుకోవాలి?

మీ ఊరి రైఫిల్ క్లబ్బులో శిక్షకుడు ఇనుప దిమ్మె, మూడుకాళ్ళ స్టాండు, రెండుకాళ్ళ ఊత, ఇసుక సంచి మీ ముందు పెట్టి, ఒకటి తీసుకోమన్నాడనుకోండి. బల్ల వద్ద కూర్చుని కాల్చేటట్లయితే ఇసుక సంచి తీసుకోండి. బోర్లా పడుకుంటే ఇసుక సంచి గాని, రెండుకాళ్ళ ఊత గాని సరిపోతుంది. తుపాకి స్ప్రింగుదైతే మాత్రం రెండుకాళ్ళ ఊత వద్దు. గట్టి కాళ్ళు కుదుపును మింగవు. నేల మీద కూర్చునో, నిలబడో కాల్చాలంటే మూడుకాళ్ళ స్టాండు తీసుకుని, పైన తుపాకి ఆనే చోట మెత్తని గుడ్డ చుట్టండి. ఇనుప దిమ్మెను ఉన్నచోటనే ఉంచేయండి.

ఎత్తు కూడా చూసుకోండి. ఊత కోసం మీరు మెడ వంచవలసి వచ్చినా, భుజం ఎగరేయవలసి వచ్చినా అది మీకు తగిన ఊత కాదు. తుపాకి కంటి వద్దకు రావాలి గాని, కన్ను తుపాకి వద్దకు పోకూడదు. మీట నొక్కక ముందు ఒక్కసారి కళ్ళు మూసుకుని, ఊపిరి వదిలి, మళ్ళీ తెరవండి. గురి పక్కకు పోయి ఉంటే, మీ కండరాలు తుపాకిని బలవంతాన పట్టుకుని ఉన్నాయన్నమాట. తుపాకిని నెట్టకండి. ఊతనూ మీ కూర్చునే తీరునూ సరిచేసుకోండి.

ఊత లేని పోటీ

ఒలింపిక్ పోటీలో ఈ ఊతలేవీ ఉండవు. అయిదున్నర కిలోగ్రాములకు మించని తుపాకిని పట్టుకుని నిలబడే కాల్చాలి. అక్కడ ఊత ఎవరు? ఒళ్ళే! కుడిచేతి వాటం షూటరును చూడండి. ఎడమ మోచేయి తుంటి ఎముక మీదనో, పక్కటెముకల మీదనో ఆని ఉంటుంది. తుపాకి బరువు అరచేతి నుంచి ముంజేతి ఎముకకు, అక్కడి నుంచి తుంటికి, కాలి ఎముకలకు, చివరకు నేలకు దిగుతుంది. కండరం అలసిపోతుంది, వణుకుతుంది. ఎముక అలసిపోదు. మంచి షూటరు ఎముకలతో స్టాండు కట్టుకుంటాడన్నమాట. చేతులతో తుపాకి బరువు మోయలేని దివ్యాంగుల పోటీలలో మాత్రం ఒక స్టాండుకు అనుమతి ఉంది. దాని తలపైన స్ప్రింగు ఉంటుంది. అది బరువు మోస్తుంది గాని తుపాకిని బిగించి పట్టదు. గురి కుదర్చడం క్రీడాకారుడి పనే.

బరువు నేలకు దిగుతుందన్నాం కదా. మరి నేలే కదిలితే? 2004లో ఏథెన్స్‌లో మన అభినవ్ బింద్రా అర్హత పోటీలో 600కు 597 సాధించి ఫైనలుకు చేరాడు. ఫైనలులో ఏడో స్థానంతో సరిపెట్టుకోవలసి వచ్చింది. తాను నిలబడిన చోట నేల పలక వదులుగా ఉండి అదురుతూ ఉండిందని తరువాత తెలిసిందని ఆయన చెప్పాడు. ఆయన నేలను నిందించి ఊరుకోలేదు. కదిలే పలక మీద నిలబడి సాధన చేశాడు. 2008లో బీజింగ్‌లో చివరి గుండుకు 10.8 సాధించి, మొత్తం 700.5తో స్వర్ణ పతకం గెలిచాడు. వ్యక్తిగత పోటీలో మన దేశానికి అది మొదటి ఒలింపిక్ స్వర్ణం. నాలుగేళ్ళకు, 2012లో లండన్‌లో, హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ ఇదే పోటీలో కాంస్య పతకం తెచ్చాడు.

ఒక్క మాట మరవకండి. గాలి తుపాకి ఆటబొమ్మ కాదు. దాని గుండు కన్ను పోగొట్టగలదు, అంతకంటె పెద్ద ప్రమాదమూ తేగలదు. శిక్షకుడు దగ్గర లేకుండా ముట్టుకోకండి. గుండు లేదని తెలిసినా, ఉన్నట్లే భావించండి. మనిషి వైపు ఎన్నడూ తిప్పకండి. పిట్టల మీద గురి పెట్టకండి. అడవి పక్షులను వేటాడడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

ఈసారి జాతరకు వెళ్ళినప్పుడు, గొట్టాన్ని బల్లకు అదిమి "వంకర గొట్టం" అని గొణిగేవారు కనబడితే, వారికి సంగతి చెప్పండి. మంచి ఊత తుపాకి బరువు మోయాలి, మూడు చోట్ల ఆనాలి, కుదుపును మింగాలి, ప్రతిసారీ ఒకేలా ఉండాలి. గట్టిదనం ఒక్కటే చాలదు.

మీరే ఆలోచించండి

1. లక్ష్యం 10 మీటర్లకు బదులు 50 మీటర్ల దూరంలో ఉంటే, మొన ఒక మిల్లీమీటరు కదిలినప్పుడు గురి ఎంత జరుగుతుంది?
2. నాలుగు కాళ్ళ కుర్చీ సమంగా ఉన్న గచ్చు మీద ఊగదు, పెరటిలో ఊగుతుంది. ఎందుకు?
3. ఇసుకకు బదులు సంచిలో దూది నింపితే వచ్చే లాభమేమిటి, నష్టమేమిటి?
4. తేలిక తుపాకి, బరువు తుపాకి ఒకే గుండును ఒకే వేగంతో కాల్చాయి. ఏది ఎక్కువ వేగంతో వెనక్కు జరుగుతుంది?